నలభై రెండో ముక్క

ఒక్క మాట సూటిగా అడుగుతాను, సూటిగానే చెప్పండి. మీ కొడుకు చావుకు కారణమైనవాడు మీ ముందుకొచ్చి నిలబడితే, మీరు చేసిన రొట్టె మీ చేత్తో వాడి చేతిలో పెడతారా?

ఆగండి. పెడతామని అంత తొందరగా తలలు ఊపకండి. ఆదివారం గుడిలో కూర్చుని తల ఊపడం వేరు, పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని పిండి పిసకడం వేరు. కృప మీద ఎన్ని పాటలున్నాయో అన్నీ బాలవ్వకు నోటికి వచ్చు. పాడేటప్పుడు కండ్లు మూసుకుని పాడేది కూడా. అయినా నాలుగేండ్లు ఆమె ఏం చేసిందో చెబుతాను, వినండి.

ఎడపల్లి దాటి, బోధన్ రోడ్డు విడిచి, కాలువ గట్టు పట్టుకుని పోతే ఒక వాడ వస్తుంది. అరవై ఇండ్లు, రెండు కిరాణా కొట్లు, ఒక పెంకుల చర్చి. చర్చిని ఆ వాడవాళ్లు గుడి అనే అంటారు. చుట్టూ వరి, వరి అవతల మిగిలిన కాస్త చెరుకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బందయ్యాక చెరుకు వేసేవాళ్లు తగ్గిపోయారు. వారమంతా ఆ వాడలో బీడీలు చుట్టే తునికాకు వాసనే. అరుగుల మీద ఆడవాళ్లు, ఒళ్లో చాటలు, ఆగని వేళ్లు. నెలలో మొదటి ఆదివారం మాత్రం బాలవ్వ ఇంట్లోంచి గోధుమ రొట్టె కాలుతున్న వాసన వస్తుంది. ఆ రోజు గుడిలో ప్రభువు బల్ల, క్రీస్తు పేరు మీద అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం.

రొట్టె చేసే పని బాలవ్వకు అత్త నుంచి వచ్చింది. పిండి, నీళ్లు, అంతే. ఉప్పు వేయదు, పొంగేది ఏదీ కలపదు. పొయ్యి మీది పెంక నిండా ఒక్కటే రొట్టె కాల్చి తెల్లగుడ్డ మీద పెడుతుంది. రొట్టె చల్లారుతూ దానంతటదే పగులుతుంది. టప్పుమని ఒక గీత, ఆ గీతకు అడ్డంగా ఇంకోటి. కత్తి పెట్టే పని లేదు. పూర్తిగా చల్లారేసరికి ఆ రోజు బల్ల దగ్గరికి ఎంతమంది రావాలో సరిగ్గా అన్ని ముక్కలవుతుంది. బాలవ్వ వాటిని లెక్కపెట్టి సంఘ పెద్ద ఏసయ్యకు చెబుతుంది. ఆయన అన్ని చిన్న గాజు కప్పులు పళ్లెంలో పేర్చి, ఎండు ద్రాక్ష ఉడికించి తీసిన రసం పోస్తాడు. చర్చిలో మళ్లీ ఎవరూ లెక్కపెట్టరు. రొట్టె చెప్పాక మనిషి లెక్కపెట్టడం ఎందుకని.

ఒకసారి ఒక ముక్క ఎక్కువ వచ్చింది. ఎవరికబ్బా అనుకుంటుండగానే వాన దంచి కొట్టింది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన తుకారాం తల దాచుకోవడానికి గుడిలోకి దూరాడు. వాన వచ్చిందని వచ్చాను తప్ప నాకేమీ వద్దని మరాఠీలో మొత్తుకుంటున్నా ఏసయ్య వినలేదు. "నీ పేరు మీద ముక్క వచ్చింది భయ్యా, తిను," అని చేతిలో పెట్టాడు. ఏసయ్య ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. లెక్క అంటే లెక్కే.

ఆ గుడికి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరైనా సాటివాడికి పెద్ద అన్యాయం చేస్తే, ఆ మనిషి బల్ల దగ్గరికి రాకూడదు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట కూర్చోవాలి. అన్యాయం జరిగినవాళ్లు తమంతట తాము లేచి వచ్చి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని బల్ల దాకా తీసుకుపోవాలి. అప్పటిదాకా అక్కడే. తప్పు జరిగిన నాటి నుంచి ఆరేండ్లు గడిచినా ఎవరూ చెయ్యి పట్టకపోతే సంఘం పుస్తకంలో పేరు కొట్టేస్తారు. ఇక ఆ మనిషి ఈ వాడకు ఏమీ కాడు. చస్తే మోయడానికి కూడా ఎవరూ రారు.

నాలుగేండ్లుగా ఆ చెప్పుల దగ్గర కూర్చుంటున్నవాడు పాల్ రాజ్.

బాలవ్వ కొడుకు ప్రేమ్‌కు పాల్ రాజ్ ప్రాణ స్నేహితుడు. ఆరేండ్ల కింద ఫిబ్రవరిలో పాల్ రాజ్ తాగి చెరుకు ట్రాక్టరు నడిపాడు. పక్కన ప్రేమ్ కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం, కాలువ మలుపు దగ్గర ట్రాలీ తిరగబడింది. బరువంతా ప్రేమ్ మీద పడింది. పాల్ రాజ్‌కు గీరుకుపోయిందంతే. అరిస్తే పొలాల్లోంచి పదిమంది వచ్చేవాళ్లు. అరవలేదు. ఉరికి పోయి చెరుకు తోటలో దాక్కున్నాడు. పొద్దుగూకే వేళ ఎవరో చూసి గడలు తీసేసరికి ప్రేమ్ ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది. గంట ముందు చూసినా బతికేవాడని అందరూ అన్నారు. ఆ గంటనే బాలవ్వ మోస్తోంది.

పాల్ రాజ్ రెండేండ్లు నిజామాబాద్ జైల్లో ఉండి వచ్చాడు. తాగుడు మానేశాడు. వచ్చిన మొదటి ఆదివారమే పోయి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. అప్పటి నుంచి గుడి ఊడ్చేది అతనే, పెంకులు సర్దేది అతనే. తెల్లారేసరికి బాలవ్వ వాకిట్లో కట్టెల మోపు ఉండేది. ఆమె ఒక్క పుల్ల కూడా ముట్టలేదు. మోపు మీద మోపు పడి, అడుగున ఉన్నవి చెదలు పట్టి మట్టయిపోయాయి.

అతను తిరిగి వచ్చిన నెల రొట్టె ఒక ముక్క ఎక్కువ పగిలింది. ఎవరో చుట్టం వస్తాడనుకుని, వస్తే ఇద్దామని ఆ ముక్కను లెక్కలో చెప్పకుండా ఇంట్లోనే ఉంచింది బాలవ్వ. ఎవరూ రాలేదు. రెండో నెల కూడా ఎక్కువే. అప్పుడు అర్థమైంది ఆమెకు. రొట్టె పగిలేది తినేవాళ్ల లెక్కకు కాదు, పిలుపు అందినవాళ్ల లెక్కకు. తుకారాంను పిలిచినట్టే చెప్పుల దగ్గర కూర్చున్నవాణ్ని కూడా ఎవరో పిలిచారు. ఆమెను ఒక్క మాట అడగకుండానే పిలిచారు.

ఈ సంగతి ఏసయ్యకు తెలిస్తే? ఆ మనిషి పద్ధతులు పక్కన పెట్టి, ముక్క వచ్చిందిరా, తిను అంటాడు. అందుకే ఆ నెల నుంచే ఆమె ఆ ఎక్కువ ముక్కను కొంగున కట్టుకుని, గుడికి పోయే దారిలో కాలువలో పారేస్తోంది. చేపలు తినేవి. ఏసయ్యకు ఒకటి తగ్గించి చెప్పేది. నాలుగేండ్లు, ప్రతి నెలా. పారేసి వచ్చి, గుడిలో మోకరించి, తన ముక్క తాను తినేది.

మొన్న ఫిబ్రవరి మొదటి ఆదివారంతో ఆరేండ్లు నిండాయి. ఆ పొద్దున పెంక వేడెక్కుతుండగా వాకిట్లో భీమవ్వ నిలబడింది. పాల్ రాజ్ తల్లి. ఇద్దరూ ఒకే ఏడు పెండ్లయి ఆ వాడకు వచ్చారు. ఇరవై ఐదేండ్లు ఒకే అరుగు మీద బీడీలు చుట్టారు. ఆరేండ్లుగా ఎదురుపడితే దారి మార్చుకుంటున్నారు.

"లోపటికి రమ్మనవా?" అంది భీమవ్వ.

"ఆడనే ఉండి చెప్పు. చేతులు పిండిల ఉన్నయ్."

"ఇయ్యాల్టితోని ఆరేండ్లట. ఏసయ్యన్న బుక్కు తీస్తడట."

"తియ్యనీ."

"పేరు కొడితే వాడు బతుకడే బాలవ్వా. మూడు దినాల సంది అన్నం ముడుతలేడు. చేనుకు కొట్టే మందు డబ్బ నేను దాసి పెట్టిన. ఏడ పెట్టినవే అని అడుగుతుండు."

బాలవ్వ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి, ఇంకా గట్టిగా.

"నన్ను భయపెట్టనీకొచ్చినవా?"

"భయం నాదే. నీకు గాకపోతే ఎవలికి చెప్పుకోవాలె?"

"నా కొడుకు ఆ చెరుకు కింద ఎంతసేపు పిలిచిండో ఎరుకనా నీకు? నన్ను పిలువడు. నేను ఊర్ల ఉన్ననని వానికెరుక. నీ కొడుకునే పిలుస్తడు. దోస్తు గద!"

భీమవ్వ ద్వారబంధం పట్టుకుంది. "నా కొడుకు తప్పు చెయ్యలే అని నేను ఎన్నడన్న అన్ననా? వాడు సేసింది మాఫీ సేసేటట్టు లేదు. నాకెరుకే. చెయ్యి పట్టు. గంతే అడుగుతున్న."

"మాఫీ లేకుండ చెయ్యెట్ల పడుతరే?"

"నాకేమెరుక? నీకు పాలు పడక ప్రేమ్‌గాడు కొట్టుకుంటుంటే నేను పాలిచ్చిన. వాడు నాకేం చేసిపెట్టిండని ఇచ్చిన?"

"ఓహో, ఆ పాలు ఇయ్యాల అడుగుతున్నవా?"

"అడుగుతలేను. అడిగితే అవి పాలెట్లయితయ్?" అంది భీమవ్వ. ఇంకో మాట అనకుండా తిరిగి వెళ్లిపోయింది.

బాలవ్వ రొట్టె కాల్చింది. ఒక వైపు మాడింది. అంతకుముందు ఎప్పుడూ మాడలేదు. గుడ్డ మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. టప్. టప్. నలభై ఒకటి అయ్యాక చప్పుడు ఆగింది. ఆమె ఊపిరి తీసుకుంది. ఈసారి రాదేమో, ఈ పీడ నా మెడ నుంచి దిగిందేమో అనుకుంది. అప్పుడు చిన్నగా, గోటితో గీకినంత చప్పుడుతో, ఇంకొక్క గీత పడింది.

నలభై రెండు.

ఎప్పటిలాగే ఒకటి తీసి కొంగున కట్టుకుంది. కాలువ మీది కల్వర్టు దగ్గర ఆగింది. ముడి విప్పాలంటే వేళ్లు రావడం లేదు. పోయినసారి దాకా విసురుగా పారేసేది. ఇవాళ చేతిలోంచి జారవిడిచింది. ముక్క నీళ్లలో పడగానే చేప నోరు తెరుచుకుంది. బాలవ్వ వెనక్కి చూడకుండా నడిచింది. ఇవాళొక్కనాడు గడిస్తే చాలు. పేరు కొట్టేస్తారు. పేరు లేకపోతే పిలుపు కూడా ఉండదు. పిలుపు లేకపోతే ముక్క కూడా రాదు. అదీ ఆమె లెక్క.

గుడి వెనక గదిలో గొడవ నడుస్తోంది. ఒకవైపు ఏసయ్య, ఒకవైపు పాస్టరమ్మ సువర్ణ. పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య అనుకునేరు! ఈమెనే పాస్టరు. నిజామాబాద్ నుంచి వచ్చి నాలుగు నెలలే అయింది.

"ఈ ఆరేండ్ల రూలు బైబిల్ల ఏడ ఉంది పెద్దయ్యా?" అంటోంది సువర్ణ.

"బైబిల్ల మైకు కూడ లేదమ్మా. వాడుతలేమా?"

"మైకు మనుషుల్ని బయటికి నెట్టదు."

"ముప్పై రెండేండ్ల సర్వీసుల టికెట్ లేకుండ ఒక్కణ్ని ఎక్కించుకోలేదు నేను. మా అమ్మను కూడ దింపిన. పద్ధతి లేకపోతే ఇది గుడెట్లయితది?"

"ఈ బస్సుల కూసున్న అందరు టికెట్ లేనోళ్లే పెద్దయ్యా. మీరు, నేను, అందరం. గది మర్చిపోయి మీరొక్కణ్ని దింపుతున్నరు."

ఏసయ్యకు నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. గుమ్మంలో బాలవ్వను చూసి ఇద్దరూ ఊరుకున్నారు. ఆమె గుడ్డ కప్పిన పళ్లెం బల్ల మీద పెట్టింది.

"ఎన్ని?" అన్నాడు ఏసయ్య.

"నలభై ఒకటి."

ఆయన కప్పులు పేర్చసాగాడు. సువర్ణ బాలవ్వ ముఖంలోకి చూసింది. "అవ్వా, ఒంట్ల బాగలేదా?"

"బాగనే ఉంది. పొగ."

గుడి నిండింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద. చెప్పుల దగ్గర పాల్ రాజ్ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. అందరి చెప్పులనూ జతలు జతలుగా సర్ది పెట్టాడు. ముప్పై రెండేండ్లవాడు యాభై ఏండ్లవాడిలా ఉన్నాడు. ముందు వరుస పక్కన చిన్న బల్ల మీద సంఘం పుస్తకం తెరిచి ఉంది. దాని మీద పెన్ను అడ్డంగా పెట్టి ఉంది. బల్ల అయిపోగానే ఏసయ్య లేచి అడుగుతాడు: ఈ మనిషి చెయ్యి పట్టేవాళ్లున్నారా అని. మూడుసార్లు అడుగుతాడు. తర్వాత పెన్ను తీస్తాడు.

పాటలో బాలవ్వ నోరు కదిలింది గానీ గొంతు రాలేదు. ప్రసంగంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. వీపు వెనక గుమ్మం ఉందన్న సంగతి తప్ప ఆమెకు ఇంకేమీ తెలియడం లేదు.

బల్ల మొదలైంది. బల్ల ముందున్న చెక్క కటకటాల దగ్గర ఎనిమిది మంది చొప్పున మోకరించారు. సువర్ణ ముక్క ఇస్తూ పోయింది, వెనకే ఏసయ్య కప్పు ఇస్తూ పోయాడు. రొట్టె చేసినావిడ చివర్న తినాలని అక్కడి పద్ధతి. ఐదు వరుసలు లేచి పోయాయి. బాలవ్వ ఒక్కతే వచ్చి మోకరించింది. ఏసయ్య పళ్లెంలో ఒక్క కప్పు మిగిలింది.

సువర్ణ పళ్లెం మీది గుడ్డ ఆఖరి మడత తీసింది. తీసి, ఆగిపోయింది.

"పెద్దయ్యా," అంది మెల్లగా. "రెండున్నయ్."

ఏసయ్య తొంగి చూశాడు. కప్పుల వైపు చూశాడు. మళ్లీ ముక్కల వైపు చూశాడు. అంత పెద్ద సర్వీసులో ఆయన అంత కంగారు పడి ఉండడు. "నలభై మంది తిన్నరు. బాలవ్వతోని నలభై ఒకటి. కప్పులు సరిగనే ఉన్నయ్. బాలవ్వా, నీ లెక్క తప్పిందా?"

అబద్ధం ఎంత తేలికో చూడండి. ముసలిదాన్ని, కండ్లు ఆనలేదు ఏసయ్యన్నా అంటే అయిపోయేది. ఏసయ్య నమ్మేవాడు. వాడ మొత్తం నమ్మేది. చేపలు సాక్ష్యం చెప్పవు.

బాలవ్వ ఆ రెండు ముక్కల వైపు చూసింది. ఒకటి పొద్దున కాలువలో పడ్డది. ఎక్కడ పారేసినా వచ్చి కూర్చుంది, సరే. ఆమెను కదిపింది అది కాదు. రెండోది. మాడిన అంచుతో పక్కనే ఉన్న రెండో ముక్క ఆమెది. నాలుగేండ్లుగా ఆమె దొంగిలిస్తోంది. దొంగిలించిన చేత్తోనే పళ్లెం తెచ్చి పెడుతోంది. ఈ సంగతి ఏసయ్యకు తెలియదు, సువర్ణకు తెలియదు. రొట్టెకు తెలియదా? గుడ్డ మీద చల్లారుతూ ఆమె కండ్ల ముందే పగిలింది కదా, ఆమె చెయ్యి ఎటు పోతుందో చూస్తూనే పగిలింది కదా. అయినా ఒక్క నెల, ఒక్కటంటే ఒక్క నెల, ఆమె ముక్క తక్కువ రాలేదు.

ఆమె కటకటాలు పట్టుకుని లేచింది.

"లెక్క తప్పలే ఏసయ్యన్నా. నేనే తప్పిన. నాలుగేండ్ల సంది ఒకటి ఎక్కువస్తుంది. వాడు జైలు నుంచి వచ్చిన కాడికెళ్లి. నేను దాస్తున్న. కాలువల పడేస్తున్న. పొద్దుగాల కూడ పడేసిన."

ఆడవాళ్ల వైపు నుంచి భీమవ్వ గొంతు వచ్చింది. అరవలేదు. "నాలుగేండ్లా?" అంది అంతే. ఆ ఒక్క మాటకు, చెంప మీద దెబ్బ పడ్డట్టు బాలవ్వ ముఖం తిప్పుకుంది.

"తప్పు చేసినోళ్లు ఏడ కూసోవాలె ఏసయ్యన్నా?"

"బాలవ్వా, ముందు నువ్వు నీ జాగల కూసో..."

"నాకొక పద్ధతి, వానికొక పద్ధతా?"

ఆమె మధ్య దారిలో నడిచింది. అరవై ఏండ్ల మనిషి, బీడీలు చుట్టి చుట్టి వంగిన నడుము. చెప్పుల దగ్గరికి పోయింది. పాల్ రాజ్ హడలిపోయి పక్కకు జరిగాడు. భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరవబోయాడు.

"తియ్యిరా దాన్ని," అంది బాలవ్వ. చెప్పుల నడుమ కూలబడింది.

ఏసయ్య నిస్సహాయంగా పాస్టరమ్మ వైపు చూశాడు. "ఇప్పుడు బాలవ్వ చెయ్యి ఎవలు పట్టాలె?"

"అన్యాయమెవలికయింది? పాల్ రాజ్‌కు. ఆయననే పట్టాలె."

"వాడు చెప్పుల కాడున్నోడు. వాడు లేసి రావద్దు. వాణ్ని బాలవ్వ తేవాలె. బాలవ్వ కూడ చెప్పుల కాడనే ఉంది. ఆమె లేవద్దు." చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోయాడు.

"అంటే మీ పద్ధతి ప్రకారం ఇద్దరు గట్లనే కూసోవాలె, చచ్చేదాక," అంది సువర్ణ.

వెనక నుంచి బాలవ్వ గొంతు వచ్చింది. "పళ్లెంల సూడు ఏసయ్యన్నా. నేను దొంగనని ఇప్పుడు తేలింది గద. నా ముక్క పోయిందా?"

ఏసయ్య వంగి చూశాడు. "లేదు," అన్నాడు. వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాడు. "రెండున్నయ్. రెండు గట్లనే ఉన్నయ్."

బాలవ్వ పక్కకు తిరిగింది. ఆరేండ్లలో మొదటిసారి పాల్ రాజ్ ముఖం దగ్గరగా చూసింది. గడ్డంలో తెల్ల వెంట్రుకలు. చూపు నేల మీద.

"నిన్ను సూస్తే నాకు ఇంక మండుతదిరా."

"మండనియ్ అవ్వా."

"నీ కట్టెలు నేను ముట్ట."

"ముట్టకు."

ఆరేండ్లుగా అడగాలనుకుని, జవాబు వినే ధైర్యం లేక మింగేసిన ప్రశ్న బాలవ్వ నోట్లోంచి వచ్చేసింది. "వాడు నిన్ను పిలిచిండా?"

లేదు అనొచ్చు పాల్ రాజ్. లేదంటే ఆ తల్లికి ఎంత ఊరటో. పేరు కూడా నిలబడుతుందేమో.

"పిలిచిండు," అన్నాడు. "మూడుసార్లు పిలిచిండు. చెవులు మూసుకొని ఉరికిన అవ్వా."

బాలవ్వ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకున్నారు అందరూ. పాల్ రాజ్ కూడా అనుకున్నాడు, ముఖం తప్పించుకోలేదు. ఆ చెయ్యి గాలిలో అట్లాగే నిలిచింది. తర్వాత దిగి, అతని మణికట్టును పట్టుకుంది. ప్రేమగా పట్టుకోలేదు. దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది. గోళ్లు చర్మంలోకి దిగాయి.

"లే," అంది.

లేవబోతే ఆమె మోకాళ్లు లేవనివ్వలేదు. అతని భుజం మీద బరువు వేయక తప్పలేదు. ఆమె పట్టుకుంటే అతను లేచాడు, అతను లేస్తే ఆమె లేచింది. ఇద్దరూ మధ్య దారిలో నడిచారు. ఎవరు ఎవరిని తీసుకొస్తున్నారో కండ్లారా చూసినవాళ్లకు కూడా తెలియలేదు. ఇప్పటికీ ఆ వాడలో దీని మీద వాదన ఉంది.

కటకటాల ముందు పక్కపక్కనే మోకరించారు. సువర్ణ ఒక ముక్క ఆమె చేతిలో, ఒక ముక్క అతని చేతిలో పెట్టింది. ఏసయ్య లోపలికి ఉరికి, ఇంకో కప్పు కడిగి, తొందరలో అంచు దాకా పోసి, చొక్కా మీద ఒలకబోసుకుంటూ తెచ్చాడు. పళ్లెం ఖాళీ అయింది.

తర్వాత ఏసయ్య పుస్తకం ముందు కూర్చున్నాడు. జరిగింది రాయాలి కదా, పద్ధతి. తప్పు చేసినవారు అన్నచోట ఎవరి పేరు రాయాలి, చెయ్యి పట్టినవారు అన్నచోట ఎవరి పేరు రాయాలి? ఒక పేరు అనుకున్నాడు, కాదనుకున్నాడు. చివరికి పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ పేజీ ఖాళీగానే ఉంది. పాల్ రాజ్ పేరు ఉన్నచోటే ఉంది.

ఆ మధ్యాహ్నం పాల్ రాజ్ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నాడు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. భీమవ్వ వడ్డిస్తూ గంటె కింద పెట్టి, గోడవైపు తిరిగి ఏడ్చింది. బాలవ్వతో మాత్రం ఆమె ఇంకా మాట్లాడటం లేదు. నాలుగేండ్ల కోపం, ఒక్క ఆదివారంతో పోతుందా? అయినా మొన్నొకనాడు చాట పట్టుకుని వచ్చి బాలవ్వ అరుగు మీద ఆ చివర కూర్చుంది. బాలవ్వ ఈ చివర. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత జాగా. సాయంత్రం దాకా ఇద్దరి వేళ్లూ ఆడుతూనే ఉన్నాయి.

బాలవ్వ మంచిదని ఈ కథ చెప్పలేదు నేను. పాల్ రాజ్ మారాడని కూడా చెప్పలేదు. వాళ్లు మంచివాళ్లయ్యేదాకా ఆ రొట్టె ఆగలేదని చెప్పాను. మీ గుడిలో కూడా గుమ్మం దగ్గర ఒకరు కూర్చుంటున్నారు. ఎవరో మీకు తెలుసు, వీపుతోనే తెలుసు. వచ్చే ఆదివారం లేవండి. కోపం చల్లారాక పోదామని కూర్చోకండి, కోపంతోనే లేవండి. నడవండి. పోయి ఆ చెయ్యి పట్టుకోండి.